శ్రవణపఠనము - ఈ-మెయిల్ వ్యవస్థలలో సంబంధసూచన

1. ప్రస్తావన

విశ్వవిద్యాలయములలో నేడు జరుగు ఉత్తరప్రత్యుత్తరములలో అధికభాగము ఈ-మెయిల్ మూలముననే సాగుచున్నది. సదస్సుల ఆహ్వానములు, వ్యాసములపై పరిశీలకుల అభిప్రాయములు, విద్యార్థివేతనములకు దరఖాస్తు చేసికొనవలసిన గడువులు, పర్యవేక్షకుల సూచనలు - ఇవి యన్నియు ఆ దారినే వచ్చును. చూపులేని విద్యార్థులును అధ్యాపకులును ఈ జాబులను చెవితో చదువుదురు. తెరపైనున్న విషయమును పలికి వినిపించు స్క్రీన్ రీడర్ అను సాధనము వారికి తోడ్పడును. అయినను సాధనము చేతనున్నంత మాత్రమున జాబు చదువుట సుకరమగునని తలచుట పొరపాటు. ఈ-మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను నిర్మించువారును, జాబు వ్రాయువారును తమ పాలు తాము నెరవేర్చనిచో స్క్రీన్ రీడర్ నిస్సహాయమగును. అట్టి స్థితిలో ఒక విద్యార్థి గడువుతేదీని ఎరుగకపోవచ్చును. ఒక అధ్యాపకుడు ఒకరికి వ్రాసిన రహస్యమైన జాబును పదుగురికి పంపవచ్చును.

ఈ విషయమును సాంకేతిక నిపుణులు పలుమారులు చర్చించిరి. భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించినచో ఇందు మనకు సుపరిచితమైన ఒక సూత్రము గోచరించును. దానిని వివరించి, తదనుగుణముగా ఈ-మెయిల్ వ్యవస్థ ఎట్లుండవలెనో నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము.

2. స్క్రీన్ రీడర్ స్వరూపము

తెరపైనున్న అక్షరములను పలికించు సాధనములు 1980వ దశకమునందే వెలసినవి. అప్పటి తెరలపై అక్షరములు తప్ప చిత్రములు అరుదు. కావున పై పంక్తి మొదలుకొని క్రింది పంక్తి వరకు చదివించిన చాలియుండెను. అటుపిమ్మట బొమ్మలును, గవాక్షములును, మౌస్‌తో నొక్కు బటన్‌లును వచ్చినవి. అమెరికాలో పుట్టిన జాస్ అను స్క్రీన్ రీడర్ 1989లో డాస్ వ్యవస్థకును, 1995లో విండోస్‌కును సిద్ధమయ్యెను. 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన ఎన్‌వీడీఏ ఉచితముగా లభించును. వెల యిచ్చి కొనజాలని విద్యార్థులకు ఇది పెద్ద ఆధారము.

ఈ సాధనములు తెరను కంటితో చూచునట్లు చూడవని ముందుగా గ్రహింపవలెను. 1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ కొరకు ఒక మధ్యవర్తి ఏర్పాటును ప్రవేశపెట్టెను. తరువాత ఇతర వ్యవస్థలలోను ఇట్టివే వెలసినవి. దీని ప్రకారము ప్రతి సాఫ్ట్‌వేర్ తన తెరపైనున్న ప్రతి అంశమును గూర్చి నాలుగు సంగతులు తెలుపవలెను: దాని పేరు, దాని పాత్ర, దాని స్థితి, దాని విలువ. ఉదాహరణమునకు ఒక గడి కలదనుకొందము. దాని పేరు 'విషయము', పాత్ర వ్రాతగడి, స్థితి వ్రాయుటకు వీలైనది, విలువ అందు వ్రాయబడిన వాక్యము. ఈ అంశములన్నియు ఒక వృక్షమువలె కొమ్మలు రెమ్మలుగా అమరియుండును. స్క్రీన్ రీడర్ ఆ వృక్షమును చదివి వినిపించును. వృక్షమున లేనిది కంటికెంత ప్రకాశముగా కనిపించినను చెవికి లేనట్లే. ఈ వృక్షమునే బ్రెయిలీ పలకయు ఉపయోగించుకొనును. 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలీ లిపి తెలుగునకును వర్తించును గనుక, చూపును వినికిడియు రెండును లేనివారు తెలుగు జాబును వ్రేళ్ళతో చదువుటకు మార్గమున్నది.

3. స్థానము, సంబంధము

'గురువు శిష్యునికి గ్రంథము నిచ్చెను' అను వాక్యమును 'గ్రంథమును శిష్యునికి గురువిచ్చెను' అని మార్చినను అర్థము చెడదు. ఇచ్చినవాడెవడో, పుచ్చుకొన్నవాడెవడో విభక్తి ప్రత్యయములే చెప్పుచున్నవి. ఇంగ్లీషువంటి భాషలలో ఈ పనిలో అధికభాగమును పదముల స్థానము నిర్వహించును. స్థానము మారినచో కర్త కర్మయగును, కర్మ కర్తయగును.

కంటికొరకు మాత్రమే నిర్మింపబడిన తెర స్థానమును నమ్ముకొన్నది. పేరు ఎడమవైపుననున్నది గనుక పంపినవారిది. అక్షరములు లావుగానున్నవి గనుక జాబు ఇంకను చదువబడలేదు. పంక్తి కొంత లోపలికి జరిగినది గనుక అది పై జాబునకు ప్రత్యుత్తరము. చూచువాడు ఈ సంబంధములను యుగపత్తుగా, ఒక్క చూపులో గ్రహించును. వినువానికి ఎడమ, కుడి, లావు, సన్నము అనునవి లేవు. అతనికి క్రమమొక్కటియే కలదు. కావున స్థానముచే సూచింపబడిన ప్రతి సంబంధమును అంశమునకే విభక్తివలె అంటిపెట్టి చెప్పవలెను. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన మార్గదర్శక సూత్రముల రెండవ పాఠమున 'సమాచారము, సంబంధములు' అను అర్థమిచ్చు శీర్షికతో ఒక సూత్రము గలదు. రూపముచే తెలుపబడిన సంబంధములు సాధనములు గ్రహించుటకు వీలుగా నుండవలెననునది దాని సారము. ఇక మీద చెప్పబోవు విషయములన్నియు ఈ ఒక్క సూత్రము యొక్క విస్తరణములే.

4. జాబుల పట్టిక

ఈ-మెయిల్ తెరువగానే కనిపించునది వచ్చిన జాబుల పట్టిక. చూపుగలవాడు నలువది పంక్తులపై చూపు ప్రసరింపజేసి వలసినదానిని ఏరుకొనును. వినువాడు ఒక్కొక్క పంక్తిని ఆలకించి దాటవలెను. అందుచేత పంక్తిలో ఏది ముందు పలుకబడవలెనను ప్రశ్న అతని కాలమునకు సంబంధించినది. ముందు 'చదువనిది' అను స్థితి, ఆపై పంపినవారి పేరు, ఆపై విషయము, తుదకు తేదీ - ఈ క్రమము చాలమందికి అనుకూలము. మొదటి రెండు మాటలు వినగానే అక్కరలేని జాబును దాటిపోవచ్చును. అందరి అవసరములు ఒక్కటి కావు గనుక ఈ క్రమమును మార్చుకొను స్వేచ్ఛ చదువరికుండవలెను.

జోడింపబడిన పత్రమున్నదని తెలుపుటకు తెరపై ఒక చిన్న గుర్తుండును. ఆ గుర్తునకు పేరు పెట్టనిచో జాబులో పత్రమున్న సంగతియే వినువానికి తెలియదు. ఒకే విషయముపై నడచిన జాబులను గుత్తిగా కూర్చి చూపునపుడు ఆ గుత్తిలో ఎన్ని జాబులున్నవో, అది విప్పియున్నదో మూసియున్నదో, ఇప్పుడు వినబడుచున్నది ఎన్నవ మెట్టుననున్నదో చెప్పవలెను.

జాబును తొలగించినపుడు ఏమగునన్నది మరియొక ముఖ్యవిషయము. కొన్ని వ్యవస్థలలో తొలగింపబడిన జాబుతోపాటు చదువరి నిలిచిన చోటును మాయమై, అతడు మరల పట్టిక మొదటికో, వేరొక మూలకో పోయి పడును. నూరు జాబులలో డెబ్బదవదానిని తొలగించినవాడు మరల మొదటినుండి వెదకుకొనవలసివచ్చును. తొలగించిన వెంటనే దాని తరువాతి జాబుపై నిలిపి దానిని పలికించుట సరియైన పద్ధతి.

5. మీటల సంఘర్షణ

చూపులేనివారు మౌస్‌ను వాడజాలరు గనుక ప్రతి పనియు కీబోర్డు మీటలతో సాధ్యము కావలెను. ఇందొక విచిత్రమైన చిక్కు కలదు. ఎన్‌వీడీఏలో వెబ్ పుటను చదువునపుడు 'హెచ్' మీట నొక్కినచో తరువాతి శీర్షికకును, 'కె' మీట నొక్కినచో తరువాతి లింకునకును, 'ఇ' మీట నొక్కినచో తరువాతి వ్రాతగడికిని చేరుదుము. జీమెయిల్‌లో మీటల సంకేతములను అమలుపరచుకొన్నచో 'కె' మీట పట్టికలో పై జాబునకు తీసికొనిపోవును; 'ఇ' మీట జాబును పట్టికనుండి తప్పించి భద్రపరచును. మీట ఒక్కటియే, దానిని స్వీకరించువారు ఇద్దరు. స్క్రీన్ రీడర్ ఏ స్థితిలోనున్నదో గమనింపక వ్రాతగడిని వెదకబోయినవాడు జాబునే కంటికి కనబడనిచోటికి పంపివేయవచ్చును.

ఈ చిక్కును గుర్తించియే 2018లో వెలువడిన మార్గదర్శక సూత్రముల తరువాతి పాఠమున ఒక నియమము చేర్చిరి. ఏకాక్షరపు మీటలు సంకేతములుగానున్నచో వానిని నిలిపివేయుటకో, మార్చుకొనుటకో వీలుండవలెను. లేనిచో సంబంధించిన అంశముపై నిలిచినపుడు మాత్రమే అవి పనిచేయవలెను. వ్యవస్థను నిర్మించువారు పట్టికకు పట్టికయను పాత్రను సక్రమముగా ప్రకటించినచో, స్క్రీన్ రీడర్ తనంతట తానే మీటలను దానికి విడిచిపెట్టును. పాత్రను చెప్పకుండుటవలన పుట్టిన సంఘర్షణయే ఇందు అధికము.

6. జాబును చదువుట

1982నాటి నియమావళి ప్రకారము ఈ-మెయిల్ కేవలము రోమను అక్షరములతో కూడిన సాదా పాఠము. 1992లో మైమ్ అను విధానము వచ్చి ఇతర లిపులకును, చిత్రములకును, జోడింపు పత్రములకును ద్వారము తెరచెను. ఒకే జాబును సాదాపాఠముగను, అలంకృతపాఠముగను రెండు రూపములలో కలిపి పంపు ఏర్పాటును ఆ విధానముననే కలదు. చదువరి తనకు నచ్చిన రూపమును ఎన్నుకొనవచ్చును. థండర్‌బర్డ్ అను సాఫ్ట్‌వేర్‌లో జాబును మూలరూపముననో, సరళరూపముననో, సాదాపాఠముగనో చూపుమని కోరుకొను సౌకర్యము కలదు. వినువారికి ఇది గొప్ప ఉపకారము.

అలంకృతమైన జాబులలో పట్టికలను అలంకారార్థము వాడు అలవాటు బలముగానున్నది. ఎడమన చిహ్నము, కుడిన శీర్షిక, క్రింద రెండు నిలువుపంక్తుల పాఠము - వీనిని పొందుపరచుటకు పట్టికలో పట్టిక నమర్చుదురు. అది నిజమైన పట్టిక కాదు, అమరిక మాత్రమేనని ప్రకటింపనిచో, చదువరి 'పట్టిక, మూడు అడ్డువరుసలు, రెండు నిలువువరుసలు' వంటి మాటలను దాటిదాటి విషయమును చేరవలసివచ్చును. ఒక్క మాటతో అమరికయని ప్రకటించు మార్గమున్నను దానిని పాటించువారు తక్కువ.

పూర్వపు జాబులోని వాక్యములను ఉదాహరించునపుడు సాదాపాఠములో ప్రతి పంక్తికి ముందు ఒక బాణపు గుర్తు నుంచుట ఆచారము. మూడుసార్లు తిరిగిన జాబులో ప్రతి పంక్తికి మూడు గుర్తులుండును. విరామచిహ్నములన్నిటిని పలుకు ఏర్పాటుననున్న స్క్రీన్ రీడర్ ప్రతి పంక్తికి మూడు మారులు ఆ గుర్తు పేరును పలికినచో వినువాని ఓర్పు నశించును. గుర్తులను పూర్తిగా విడిచినచో ఏది ఎవరి మాటయో తెలియదు. ఉదాహరణము మొదలైనచోట ఒకమారు, ముగిసినచోట ఒకమారు తెలిపి, వలదనుకొన్నవారు దానిని ఒక్క మీటతో దాటునట్లు చేయుట యుక్తము. ప్రాచీన వ్యాఖ్యానములలో మూలమేదో టీకయేదో తెలియజేయు సంకేతముల విలువ నెరిగిన మనకు ఈ సంగతి విశేషించి చెప్పనక్కరలేదు.

7. జాబును వ్రాయుట

చిరునామా గడిలో రెండక్షరములు వ్రాయగానే వ్యవస్థ పేర్ల జాబితా నొకదానిని సూచించును. చూచువాడు వలసిన పేరును ఎన్నుకొనును. జాబితా తెరువబడినదనియు, అందెన్ని పేర్లున్నవనియు, ఇప్పుడు ఏ పేరుపై నిలిచినామనియు పలుకకున్నచో, వినువాడు మొదటి పేరునే స్వీకరించి పంపివేయు అపాయము కలదు. ఒకే పేరుగలవారు ఇద్దరున్నపుడు చిరునామాను కూడ వినిపింపవలెను. మోసపు జాబులను గుర్తించుటకును ఇదియే ఉపాయము. పంపినవారి పేరు పెద్దలదిగనుండి చిరునామా వేరొకటిగానున్నపుడు, పేరును మాత్రమే విన్నవాడు మోసపోవును.

'జాబు పంపబడినది' అను సందేశము తెర అడుగున క్షణకాలము కనిపించి మాయమగును. చదువరి నిలిచిన చోటు కదలకుండ ఇట్టి సందేశమును పలికించుటకు తగిన విధానము 2014లో ప్రమాణీకరింపబడిన వెయ్-ఏరియా అను నియమావళియందు కలదు. అందు సందేశములు రెండు విధములు: చెప్పుచున్న మాట ముగిసినదాక ఆగి వినిపించునవి కొన్ని, మాటకు అడ్డువచ్చియైనను వెంటనే చెప్పునవి కొన్ని. జాబు పంపబడినదను వార్త మొదటి తరగతికి చెందును. పంపుట విఫలమైనదను వార్త రెండవ తరగతికి చెందదగినది. ఎవరి మాటకు ఎప్పుడు అడ్డురావచ్చునో ఎరిగియుండుట మర్యాదయైనట్లే, యంత్రమునకును అది మర్యాదయే.

8. తెలుగు జాబులు, తెలుగు పేర్లు

తెలుగునకు సంబంధించిన సమస్యలు కొన్ని ప్రత్యేకములు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి పాఠముననే తెలుగు లిపికి స్థానము లభించెను. అంతకు పూర్వపు ముద్రణ ఫాంట్లలో రోమను అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగియుండిరి. కంటికి 'క'యనబడునది యంత్రము లెక్కలో వేరొక లిపి గుర్తు. ముద్రణాలయములలో ఈ ఫాంట్ల వాడుక ఇంకను నిలిచియున్నది. అట్టి పాఠమును జాబులో అతికించి పంపినచో స్క్రీన్ రీడర్ అర్థములేని రోమను అక్షరములను చదువును. పాఠమును ఛాయాచిత్రముగా తీసి పంపినచో ఏమియు చదువదు. సంతకము, ముద్రయుగల ప్రకటనను స్కాను చేసి, జాబులో 'జోడించిన పత్రమును చూడగలరు' అని మాత్రమే వ్రాయుట మన కార్యాలయములలో సాధారణము. చూపులేనివారికి అది ఖాళీ కాగితమే. ప్రకటనలోని తేదీ, స్థలము, గడువు అను మూడు సంగతులను జాబులోనే యూనికోడ్ తెలుగులో వ్రాసినచో ఈ కొరత చాలవరకు తీరును.

రోమను లిపిలో వ్రాసిన తెలుగును ఇంగ్లీషు గొంతు తన ఉచ్చారణ నియమముల ప్రకారము చదువును. దానిని అర్థము చేసికొనుట శ్రమ. తెలుగు, ఇంగ్లీషు కలిసిన జాబులో ఏ భాగము ఏ భాషయో జాబు నిర్మాణములోనే గుర్తింపబడినచో, సాధనము గొంతు మార్చి పలుకగలదు. గుర్తింపనిచో ఇంగ్లీషు గొంతు తెలుగు భాగమును మౌనముగా దాటిపోవుటయు కలదు. ఈస్పీక్ ఎన్‌జీ అను ఉచిత వాగ్యంత్రము తెలుగును పలుకగలదు. దాని పలుకులో సహజత్వము తక్కువయైనను వేగముగా వినుటకు పనికివచ్చును. నేటి ఉచ్చారణలో 'ర', 'ఱ'లకు భేదము వినబడదు. శాసనపాఠములను, తాళపత్ర ప్రతులను గూర్చి జాబులు వ్రాసికొను పరిశోధకులకు ఈ భేదము ముఖ్యము. కావున అక్షరమును విడదీసి, దాని పేరు చెప్పి, గుణింతపు గుర్తును ఒత్తును వేరుగా వినిపించు సౌకర్యము తెలుగున సంపూర్ణముగానుండవలెను.

బటన్‌ల పేర్లను తెలుగు చేయువారు పాటింపదగిన ధర్మమొకటి కలదు. వినువాడు పేరు పూర్తిగా వినడు. మొదటి అక్షరములతోనే గుర్తించి ముందునకు సాగును. 'జాబును పంపుము', 'జాబును దాచుము', 'జాబును తొలగింపుము' అను పేర్లు కంటికి సొంపుగానున్నను, మన వాక్యములో క్రియ తుదకు వచ్చును గనుక మూడింటి భేదమును మూడవసారియు తుదివరకు వినియే తెలిసికొనవలెను. 'పంపుము', 'దాచుము', 'తొలగింపుము' అన్నచో మొదటి అక్షరమే చాలును. మరియొకచోట మన పదక్రమమే మేలు చేయును. ఒకరికి ప్రత్యుత్తరమిచ్చు బటన్‌కును, అందరికి ఇచ్చు బటన్‌కును ఇంగ్లీషున మొదటి పదము ఒక్కటియే. భేదము తుదకు వచ్చును. తెలుగున 'అందరికి జవాబు' అన్నప్పుడు హెచ్చరిక ముందే వినబడును. రహస్యము బయటపడు ప్రమాదము ఈ బటన్‌ల వద్దనే అధికము గనుక ఈ లాభము స్వల్పమైనది కాదు.

9. శాసనము, పరీక్ష

ఇది దయాధర్మములకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 42వ విభాగమున ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని సమాచారము అందరికి అందుబాటు కావలెనని విధించుచున్నది. రాజీవ్ రాతూరి దావాలో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అందుబాటు నియమములు సలహాలుగా మాత్రమే మిగులుట చట్టమునకు విరుద్ధమనియు, తప్పనిసరియైన నియమములను రూపొందింపవలెననియు ఆదేశించెను. ఆ విచారణలో హైదరాబాదునందలి నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయపు దివ్యాంగ అధ్యయన కేంద్రము సమర్పించిన నివేదిక న్యాయస్థానమునకు ఉపకరించెను.

నియమములున్నను వానిని పాటించినారో లేదో తెలియుటకు యంత్రపరీక్ష చాలదు. పేరు లేని బటన్‌ను యంత్రము పట్టుకొనగలదు. తప్పుపేరున్న బటన్‌ను పట్టుకొనలేదు. మౌస్‌ను ప్రక్కకు నెట్టి, తెరను ఆర్పి, ఒక జాబును వెదకి, చదివి, ప్రత్యుత్తరము వ్రాసి, పత్రమును జోడించి పంపి చూచుట ఉత్తమమైన పరీక్ష. నిత్యము స్క్రీన్ రీడర్‌ను వాడువారు ఈ పరీక్షలో మొదటినుండియు పాల్గొనవలెను. నిర్మాణము ముగిసిన పిదప చేర్చబోయిన సంబంధసూచన అతుకువలెనే యుండును.

10. ఉపసంహారము

చెప్పిన విషయములను సంగ్రహించిన ఇట్లగును. చెవికి స్థానము లేదు, క్రమము మాత్రమే కలదు. కావున కన్ను స్థానముచే గ్రహించు సంబంధమును మాటచేతనే తెలుపవలెను. దీనిని ప్రధానముగా నిర్వహింపవలసినవారు సాఫ్ట్‌వేర్ నిర్మాతలే. కాని పారిభాషికపదములను ఏర్పరచుట, అక్షరముల పేర్లను నిర్ణయించుట, తెలుగు వాగ్యంత్రముల ఉచ్చారణను పరిశీలించుట తెలుగు శాఖలు చేయదగిన పనులు. పరిశోధక విద్యార్థులకు వీనిలో సిద్ధాంతవ్యాసమునకు తగిన విషయములు కలవు. అంతకంటె సులభమైన పని యొకటి ప్రతి శాఖాకార్యాలయమునకును నేడే సాధ్యము. పంపబోవు ప్రకటన ఛాయాచిత్రమైనచో, అందలి సారాంశమును జాబులో నాలుగు పంక్తులుగా వ్రాయుట. ఆ నాలుగు పంక్తులు వ్రాయుటకు పట్టు సమయము స్వల్పము. వ్రాయనందువలన ఒక విద్యార్థికి తప్పిపోవు గడువు మరుసటి సంవత్సరమునకుగాని రాదు.